నా కుట్టు ఊడదు

మా షెడ్డు గోడ మీద ఒక బోర్డుంది. తెల్ల రేకు మీద ఎర్ర రంగుతో చేతిరాత. "టాపు లేని బండి ట్రయల్‌కి తీస్తే నెత్తిన హెల్మెట్ ఉండాలి." ఆ బోర్డు ఊరికే రాలేదు. పదకొండు రోజులు గేటు ముందు కూర్చుంటే వచ్చింది. కూర్చున్నది నేను, నా చంకలో ఏడాది పిల్ల, నా వెనక షెడ్డులో పనిచేసే పందొమ్మిది మంది.

కారులో హెల్మెట్ ఏమిటని జనం ఇప్పటికీ నవ్వుతారు. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండి వాళ్ళు అద్దం దించి మరీ నవ్వుతారు. నవ్వుకోనీ. పైన కప్పు లేదు, వెనక కడ్డీ లేదు, పాతకాలం బండికి నడుముకి బెల్టు కూడా లేదు. తిరగబడితే రోడ్డుకీ పుర్రెకీ అడ్డం ఏముంటుంది? జుట్టు. నా మొగుడికి జుట్టు ఒత్తుగానే ఉండేది.

ఆయన సొట్టలు తీసే పనివాడు. సొట్ట తీసిన బండిని తనే ఒక రౌండు తిప్పి చూడాలి, అది ఆయన పట్టుదల. అలా తిప్పడానికి వెళ్ళి నీళ్ళ ట్యాంకు మలుపులో పోయాడు. అప్పటి ఓనరు దగ్గరికెళ్ళి హెల్మెట్లు కొనమంటే, "కారుకి హెల్మెట్ అంటారు, రేపు గొడుగు కూడా అడుగుతారు" అన్నాడు. ఆ మాటకే గేటు ముందు కూర్చున్నాను. ఇది జరిగి ఇరవై ఆరేళ్ళు. ఆ ఓనరు పోయాడు, కొడుకు కూర్చున్నాడు. బోర్డు మాత్రం ఉంది.

నాది సీట్లూ టాపులూ కుట్టే పని. కుట్టు ముగిసే చోట మూడుసార్లు వెనక్కి కుట్టి, పైన ఒక అడ్డగీత వేస్తాను. రెగ్జిన్ చిరిగిపోవాలే కానీ నా కుట్టు ఊడదు. నాకు ఇంకో గుణం కూడా ఉంది. పాత స్పాంజి పారేయలేను. లేమిలో బతికిన చేతులు, పారేయడం వాటికి రాదు. ఈ కథంతా ఆ రెండు గుణాల వల్ల వచ్చిందే.

ఆకుపచ్చ రంగు బండి ఒకటి వచ్చింది. ఎవరో పాత సామాను వాళ్ళ దగ్గర కొని, బాగుచేసి ఇమ్మన్నారట. ఇంజను పని నా కూతురిది. షెడ్డులో అందరూ దాన్ని పానా అంటారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చేతిలో నట్లు తిప్పే పానా లేకుండా కనబడలేదు మరి. నా పని సీట్లూ, చిరిగిన టాపూ. టాపు విప్పి నా బల్ల మీద మడిచి పెట్టుకున్నాను. సీట్ల తొడుగులు ఊడదీస్తే, డ్రైవరు సీటు తలదిండులో మంచి స్పాంజి దొరికింది. పాతది, దట్టంగా ఉంది. ఒక మూల మాత్రం గట్టిపడి నల్లగా ఉంటే గ్రీజు అనుకుని కోసి పడేశాను. మిగతాది దాచాను.

అప్పటికి షెడ్డు హెల్మెట్ పాడైపోయింది. లోపలి మెత్త అణిగిపోయి పిల్ల తల మీద గిలకలా తిరుగుతోంది. గడ్డం కింద పట్టీకి బకిల్ పన్ను విరిగింది.

"కొత్తది వారంలో తెప్పిస్తానక్కా" అన్నాడు ఓనరు.

"వారం దాకా తలకాయలు ఇంట్లో పెట్టి రమ్మంటావా?" అన్నాను.

ఆ స్పాంజి హెల్మెట్లో సర్ది, పైన బట్ట కుట్టాను. బకిల్‌కి మందు నా సూది. పిల్ల హెల్మెట్ పెట్టుకోగానే పట్టీ రెండు కొసలూ గడ్డం కింద కలిపి కుట్టేసేదాన్ని. తిరిగొచ్చాక కత్తెరతో కోసేదాన్ని.

పెయింటరు బాబాయ్ రంగు కొట్టే తుపాకి పక్కన పెట్టి చూసి, "తలకి గుండీ కుడుతున్నావా వదినా?" అన్నాడు.

"నీ నోటికి కూడా నాలుగు కుట్లు వేస్తాను, రా."

"అమ్మా, నవ్వించకు, మెడ కుట్టేస్తావు" అంది పిల్ల.

మొదటి రోజు ట్రయల్‌కి వెళ్ళి వచ్చింది. పట్టీ కోశాను. హెల్మెట్ తీసి చేతిలో తిప్పి చూస్తూ, "ఇందులో ఎవరో గొణుగుతున్నారే అమ్మా" అంది.

"టాపు లేదుగా, గాలి దూరుతుంది."

"గాలి మాటలు సగం మింగి పలుకుతుందా?"

నవ్వేసి హెల్మెట్ మేకుకి తగిలించాను. గంట తరవాత దించబోతే వేళ్ళు లోపలికి పోయాయి. లోపల వేడిగా ఉంది. ఎండకి వేడెక్కినట్టు కాదు. అప్పుడే ఎవరో తల తీసినట్టు, చెమ్మగా, వెచ్చగా... షెడ్డు రేకుల వేడి అనుకున్నాను. అనుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా మనిషికి.

రెండో రోజు సాయంత్రం అయిదు. ఎండ ఇంకా ఉంది. పిల్ల గడ్డం కింద నాలుగు కుట్లు వేసి దారం కొరికాను. అది బండి దగ్గరికి వెళ్ళింది. నేను బల్ల దగ్గరికొచ్చి టాపు తిరగేశాను.

లోపలి వైపు ఒక మూల అతుకు ఉంది. అరచేతి వెడల్పు, తెలుపు మీద నీలం చుక్కల బట్ట. చుట్టూ నా కుట్టు. మూడు వెనక్కి, ఒక అడ్డం.

ఆ బట్ట నా పిల్ల గౌను. నడక రాకముందు వేసిన గౌను. ఆ రోజు రెగ్జిన్ ముక్క చాలకపోతే, పొట్టిదైపోయిన గౌను అంచు చింపి అతుకు వేశాను. ఆయన పక్కన నిలబడి, "బండికి లంగా వోణీ కూడా కుట్టు" అని ఎగతాళి చేశాడు. ఆ మర్నాడే, టాపు ఇంకా బిగించకుండానే బండి తీసి, పోయాడు. బండి పాత సామానుకి పోయిందన్నారు. దానికి రంగు మారింది, తొడుగులు మారాయి. అతుకు మారలేదు.

తలదిండులో స్పాంజి... మూలన నలుపు... అది గ్రీజు కాదు.

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. పిల్ల ఇంజను స్టార్టు చేసి ఉంది. గేటు దగ్గర ఓనరు, కొన్నవాళ్ళ మనిషి నిలబడి చూస్తున్నారు.

"దిగవే! ఈ బండి వద్దు!"

"ఏమైందే అమ్మా?" హెల్మెట్లోంచి గొంతు అణిగినట్టు వచ్చింది. "కొన్న పార్టీ వాళ్ళు చూస్తున్నారు. కావాలంటే ఎక్కు, దారంతా తిట్టుకుంటూ రా."

పదిమంది ముందు అరిచి చెప్పే మాట కాదది. ఎక్కాను. నా తల మీద ఏమీ లేదు. రూలు పెట్టించినదాన్నే రూలు తప్పాను.

గోదాముల వీధి దాటాం. రంపపు మిల్లు దగ్గర తడి పొట్టు వాసన వచ్చింది. ఎదురుగాలికి కళ్ళలో నీళ్ళు. చెప్పడం మొదలుపెట్టాను. టాపు సంగతి, గౌను సంగతి, మీ నాన్న సంగతి. పిల్ల పలకలేదు. గాలికి వినబడ్డం లేదేమో అని హెల్మెట్ దగ్గరికి వంగి అరిచాను. పలకలేదు.

పొట్టు వాసన పోయి లప్పం వాసన వచ్చింది. సొట్టల మీద పూసే లప్పం. చుట్టూ ఖాళీ రోడ్డు, పైన ఆకాశం, ఎక్కడిది వాసన?

గేరు మార్చే ముందు పిల్ల ఉంగరం వేలితో గేరు కర్ర మీద కొట్టింది.

టక్. టక్.

ఆయన గేరు మార్చే ముందు ఉంగరంతో అలాగే కొట్టేవాడు. రెండే రెండు సార్లు. పిల్లకి ఏడాది అప్పటికి. దానికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు.

"పానా... ఒసేయ్... చిట్టితల్లీ..."

టక్. టక్.

నీళ్ళ ట్యాంకు కనబడింది. మలుపుకి ముందు, మైలురాయి దగ్గర బండి ఆగింది. ఇంజను తిరుగుతూనే ఉంది. హెల్మెట్ నా వైపు తిరిగింది. అద్దం దించి ఉంది. నల్లటి అద్దంలో నా మొహమే నాకు కనబడింది.

లోపల్నుంచి గుసగుసగా మాట వచ్చింది.

"నువ్వు దిగు."

తలుపు అంచు రెండు చేతులా పట్టుకున్నాను.

"పాపని తీసుకుని ఇంటికెళ్ళు. ఒక రౌండు కొట్టి వచ్చేస్తా."

ఆ రోజు ఆయన నాతో అన్న ఆఖరు మాట అది. ఈ రాయి దగ్గరే. చంకలో పిల్లతో దిగాను. వెళ్ళి రా అని కూడా అనలేదు. ఎండగా ఉందని విసుక్కుంటూ నడిచాను. ఈ మాట ఇరవై ఆరేళ్ళలో ఒక్క ప్రాణికీ చెప్పలేదు.

"దిగను" అన్నాను. "చంపినా దిగను."

గడ్డం కింద చేతులు పెట్టాను. పట్టీ లాగాను. నా కుట్టు. నడుముకి కత్తెర లేదు, బల్ల మీద ఉంది. గోళ్ళతో గీరాను. పళ్ళతో పట్టుకున్నాను. నోట్లో ఉప్పు. దారమా, చెమటా, నా చిగుళ్ళ నెత్తురా, తెలీదు. జీవితంలో మొదటిసారి నా కుట్టు ఊడాలని మొక్కుకున్నాను. ఊడలేదు.

బండి కదిలింది.

చేతి బ్రేకు లాగాను. బొక్కెన తెగిన తాడులా వదులుగా పైకొచ్చింది. మలుపు దగ్గరపడింది. ట్యాంకు గోడ... గోడ మీద తడి మరక... నా తల వంచి పిల్ల తలని రెండు చేతులా కౌగిలించుకున్నాను. హెల్మెట్ కాలుతోంది. జ్వరం వచ్చిన నుదురులా...

మలుపు తిరిగింది.

ఏమీ కాలేదు. ఖాళీ రోడ్డు. బండి దానంతటదే నెమ్మదించి చెట్టు నీడలో ఆగింది.

పిల్ల అద్దం పైకెత్తింది. దాని కళ్ళే. దాని మొహమే. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"అమ్మా... నువ్వెప్పుడు ఎక్కావు?"

"ఏంటే?"

"మైలురాయి దగ్గర దిగిపోయావు కదా. దిగనిచ్చి వచ్చాను. బండి పక్క అద్దంలో చూశాను కూడా." వెనక్కి చూపించింది. "రోడ్డు పక్కన నిలబడ్డావు. విసుగ్గా చూస్తున్నావు. చంకలో ఎవరి పాపమ్మా అది? చుక్కల గౌను..."

వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది. కార్మికులతో గేటు ముందు కూర్చున్నప్పుడు లాఠీలు చూసి కూడా తల తిప్పని దాన్ని నేను.

షెడ్డుకి వచ్చి పట్టీ కోశాను. ఆ రాత్రే హెల్మెట్ రెండు ముక్కలు చేసి, స్పాంజి పెరట్లో తగలబెట్టాను. తెల్లవార్లూ పిల్ల నా పక్కనే కూర్చుంది. అంతా చెప్పాను. ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని, "బండి ఇక్కడ ఉన్నంతసేపూ ఇదేనమ్మా. కొన్నవాళ్ళ ఇంట్లో వదిలేసి వస్తే పీడ వదుల్తుంది" అంది.

"ఇంకెవరైనా తోలుకెళ్తారు."

"ఎవరి పిల్లని పంపుదామంటావు?"

అలాంటి మాటలు దానికి నేర్పింది నేనే.

మర్నాడు ఓనరు కొత్త హెల్మెట్ తెచ్చాడు. నల్లది. ప్లాస్టిక్ కవరు నా ముందే చింపాను. లోపల చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. కొత్త రబ్బరు వాసన. బకిల్ నొక్కి చూశాను. టిక్ అని పడింది, టిక్ అని ఊడింది. ప్రాణం కుదుటపడింది. టాపు కుట్టడం నా వల్ల కాదన్నాను, అలాగే పంపేయమన్నాను. టాపు లేదు కాబట్టి హెల్మెట్ లేకుండా కదలడానికి వీల్లేదని కూడా నా నోటితోనే అన్నాను. ఏం చేయను? పెట్టుకుంటే ఆయన. పెట్టుకోకపోతే ఆ మలుపు.

ఈసారి కత్తెర నడుముకి కట్టుకున్నాను. పక్క సీటులో నేనూ కూర్చున్నాను. పిల్ల హెల్మెట్ పెట్టుకుని బకిల్ నొక్కుకుంది. టిక్.

బిగువు చూద్దామని గడ్డం కింద చెయ్యి పెట్టాను. వేళ్ళకి దారం తగిలింది. వంగి చూశాను. బకిల్ పక్కన, పట్టీ రెండు కొసలూ కలిపి, నల్ల దారం. మూడు వెనక్కి... ఒక అడ్డం...

"ఇంకా ఎంతసేపమ్మా?" అంది పిల్ల. "కుట్టేశావు కదా. వదులు."

నేను సూది పట్టలేదు.

కత్తెర తీసి దారం మీద పెట్టి నొక్కాను. పొద్దున్నే సాన పట్టించిన కత్తెర. దారం తెగలేదు. మళ్ళీ నొక్కాను... మళ్ళీ...

గేరు కర్ర మీద, టక్. టక్.

పిల్ల చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.