ఇరవై ఏడు సెంటీమీటర్లు

ఉదయం పది గంటలకు డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఆమె కుర్చీ చూపించినా కూర్చోలేదు. వయసు ముప్పై దాటి ఉంటుంది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఎంత కడిగినా పోని ఇంజనాయిలు నలుపు గోళ్ల అంచుల్లో నిలిచిపోయింది. తెచ్చిన నోటీసును బల్ల మీద పెట్టింది కానీ, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు వేళ్లతో దాన్ని నొక్కి పట్టుకునే ఉంది.

"తప్పుడు కొలత రాసిచ్చానని నా మీద కేసు పెట్టారండీ. నేను రాసింది నిజం. వాళ్లు కొలిచిందీ నిజమే. నాకు పిచ్చెక్కిపోతోంది."

ఆమె వెనకే ఒక ముసలాయన మోకాలు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకొచ్చాడు. ఆమె తండ్రి.

డిటెక్టివ్ నలభై ఏళ్ల సన్నటి మనిషి. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంత సేపూ కళ్లజోడు తుడుచుకుంటూ ఉంటుంది. పక్క బల్ల దగ్గర నోటుపుస్తకం తెరిచి కూర్చున్న మాస్టారు చిన్నప్పుడు ఆమెకు లెక్కలు చెప్పినవారు. రిటైరయ్యాక ఆమె దగ్గరే కేసుల వివరాలు రాసిపెడుతున్నారు. తన దగ్గర చదువుకున్న పిల్ల చిక్కుముడులు విప్పుతుంటే పక్కన కూర్చుని చూడటం కన్నా గొప్ప పెన్షను లేదని ఆయన నమ్మకం.

"మొదట్నుంచీ చెప్పండి," అంది డిటెక్టివ్.

వచ్చిన ఆమె పోటీ ట్రాక్టర్ నడుపుతుంది. ఇనప దిమ్మలు వేసిన బండిని ఎవరు ఎక్కువ దూరం లాగితే వాళ్లదే గెలుపు. మొన్న ఆదివారం పక్క రాష్ట్రంలో ఆమె ఫైనల్ పోటీకి దిగాల్సింది.

"అది రోడ్డు మీద నడిపే బండి కాదండీ. లారీ మీద సరుకులాగే తీసుకెళ్లాలి. వెడల్పు రెండు మీటర్ల అరవై దాటితే రెండు రాష్ట్రాలూ విడివిడిగా పర్మిట్ ఇవ్వాలి. మూడు మీటర్ల లోపైతే ఎర్రజెండాలు కట్టుకుని, బోర్డు పెట్టుకుని పగటిపూట వెళ్లిపోవచ్చు. మూడు దాటితే ముందు పైలట్ బండి ఉండాలి, దారి వేరు, పర్మిట్ కూడా వేరు. నాది రెండు తొంభై అయిదు. గురువారం రవాణాశాఖ ఇన్‌స్పెక్టరు షెడ్డుకొచ్చి ఫోటోలు తీసుకున్నాడు. కొలత మాత్రం యజమానే రాసి సంతకం పెట్టాలి. పెట్టాను. శనివారం సరిహద్దు చెక్‌పోస్టులో టేపు పెడితే మూడు ఇరవై రెండు!"

"అంటే ఇరవై ఏడు సెంటీమీటర్లు పెరిగింది," అన్నారు మాస్టారు.

"బండిని అక్కడే పెట్టేశారు. ఫైనల్ పోయింది. తప్పుడు డిక్లరేషన్‌కి ఆరునెలల జైలు దాకా వెయ్యొచ్చట. పోటీల సంఘంవాళ్లు రెండేళ్లు నన్ను పక్కన పెడతామంటున్నారు."

తండ్రి ఆమె భుజం మీద చెయ్యేశాడు. "పోనీలే తల్లీ. ఈ డిటెక్టివులూ అదీ ఎందుకు? ఏదో జరిమానా కట్టి బండి తెచ్చుకుందాం." డిటెక్టివ్ వైపు తిరిగి, "ఎలా జరిగిందో అర్థం కావట్లేదమ్మా. మా షెడ్డులో కొలతంటే నూలు తేడా కూడా రాదు," అన్నాడు.

"మీరూ పోటీల్లో ఉండేవారా?"

ముసలాయన నడుం నిటారైంది. "ఫైనల్ జరిగే ఆ మైదానంలోనే, ఇరవై రెండేళ్ల కిందట. మూడువందల పన్నెండు అడుగులు లాగాను. ఇవాళ్టికీ బోర్డు మీద నా పేరే ఉంది. అంత దూరం ఇంకెవడూ లాగలేదు."

"నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది నాన్నేనండీ," అంది ఆమె. "పోయినవారం ప్రాక్టీసులో తొంభై ఎనిమిది మీటర్లు లాగాను. ఈసారి కప్పు మా అమ్మాయిదేనని వీధంతా చెప్పుకొచ్చాడు."

మాస్టారు రెండు అంకెలూ రాసుకున్నారు.

తండ్రి మంచినీళ్లకని బయటికి వెళ్లాక ఆమె గొంతు తగ్గించింది. "లారీ మా ఆయనది. శుక్రవారం సాయంత్రం నేనొచ్చేసరికే బండి ఎక్కించి, టార్పాలిన్ కప్పేసింది ఆయనే. ఈ ఏడాదితో పోటీలు మానెయ్యమని ఇంట్లో రోజూ గొడవ. నాలుగు రోజులుగా ఆయనతో మాట్లాడట్లేదండీ. పడుకున్నా అదే ఆలోచన, ఈ మనిషి నన్నిలా చేస్తాడా అని."

డిటెక్టివ్ కళ్లజోడు పెట్టుకుంది. "ఇంకా ఏమీ తేలలేదు. తేలేదాకా ఎవరి గురించీ అలా అనుకోకండి."

మధ్యాహ్నానికి అందరూ చెక్‌పోస్టు చేరారు. వెనక ఆవరణలో లారీ మీద ట్రాక్టర్ ఇంకా గొలుసులతో బిగించే ఉంది. టార్పాలిన్ తీయించి, ఇన్‌స్పెక్టరు గురువారం తీసిన ఫోటోలు చేత్తో పట్టుకుని డిటెక్టివ్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. తర్వాత వెనక చక్రం దగ్గర వంగి చాలాసేపు ఉండిపోయింది.

"మాస్టారూ, ఈ ఫోటో చూడండి. ఎడమ టైరు మీద అరచేయంత అతుకుంది. ఇప్పుడు ఆ అతుకెక్కడుంది?"

మాస్టారు ఫోటోనీ ట్రాక్టర్నీ మార్చి మార్చి చూశారు. "కుడి టైరు మీద! ఫోటో తిరగేసి పట్టుకున్నానా ఏమిటి?"

"లేదు, సరిగానే పట్టుకున్నారు." ఆమె ట్రాక్టర్ యజమానిని పిలిచింది. "ఈ చక్రం మధ్యభాగం పళ్లెంలా ఒకవైపుకు లోతుగా ఉంది కదా. ఎడమదాన్ని కుడివైపు, కుడిదాన్ని ఎడమవైపు బిగిస్తే ఏమవుతుంది?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "లోతు బయటి వైపుకి తిరుగుతుంది. టైర్లు బయటికి జరుగుతాయి. ఒక్కోవైపు పదమూడున్నర సెంటీమీటర్లు... ఛ, నాకెందుకు తట్టలేదు! టార్పాలిన్ కింద ఉండగా ఎవరికి కనబడుతుంది?"

"ప్రతి నట్టు మీంచీ రిమ్ము మీదకి పసుపు గీత ఉందే, ఇదెందుకు?"

"నట్టు వదులైతే గీత విరిగినట్టు కనబడుతుందండీ. నాన్న నేర్పిన అలవాటు. చక్రం బిగించాక గియ్యకుండా వదలం."

ఒక్క గీత కూడా విరగలేదు. డిటెక్టివ్ వాటిని లెక్కపెట్టి, లారీ దిగింది.

భర్త లారీ క్యాబిన్ మెట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. బాగా నలిగిపోయిన మనిషిలా ఉన్నాడు.

"శుక్రవారం పొద్దున ఎక్కడున్నారు?"

"కొత్త గొలుసులు కొనడానికెళ్లానండీ. పాతవి తుప్పుపట్టాయని మామయ్య చూసి చెప్పారు. నిజమే, అలాంటివి కడితే చెక్‌పోస్టులో ఆపేస్తారు. పదికి వెళ్తే ఒంటిగంటన్నర అయింది. ఇదుగో రసీదు."

"షెడ్డు తాళం?"

"ఒకటి నా దగ్గర. ఇంకోటి ఇంట్లో మేకుకి వేలాడుతుంది."

"చక్రాలు విప్పి మార్చడం మీకు వచ్చా?"

"లారీ చక్రమైతే మారుస్తాను. ఆ ట్రాక్టర్ చక్రాల్ని మాత్రం నన్ను ముట్టుకోనివ్వరు. నట్టు బిగించాక గీత గియ్యలేదని ఓసారి తండ్రీకూతుళ్లిద్దరూ నన్ను ఎంత తిట్టారో!" అతను నవ్వబోయి ఆగిపోయాడు. "మానెయ్యమన్నది నిజమేనండీ. పోయినేడు ఆ బండి ముందు చక్రాలు గాల్లోకి లేస్తే నా ప్రాణం పోయినంత పనైంది. ఆ మాట పట్టుకుని నన్ను దొంగని చేస్తుందా?"

ఆమె కాగితాల పని చూసే పర్మిట్ ఏజెంటు చేతిలో ఫైలు విసనకర్రలా ఊపుకుంటూ వచ్చాడు. "మేడమ్, నేను కాగితాల మనిషిని. ట్రాక్టర్‌కి ముందేదో వెనకేదో తెలుసు, అంతే. శుక్రవారం పొద్దున్నుంచి మూడింటిదాకా ఈవిడా నేనూ పక్క రాష్ట్రం ఆఫీసు వరండాలో కూర్చున్నాం. రెండు సంతకాల కోసం అయిదు గంటలు!"

"మూడు మీటర్ల నిబంధన ఎవరెవరికి తెలుసు?"

"దరఖాస్తు పెట్టిన రోజు తండ్రీకూతుళ్లు, అల్లుడు ముగ్గురూ వచ్చారు. ముగ్గురికీ చదివి వినిపించాను."

ఆఖర్న డిటెక్టివ్ చెక్‌పోస్టు గుమాస్తాను అడిగింది. "మీరు ప్రతి లారీకీ టేపు పెడతారా?"

"అంత తీరికెక్కడిదండీ? కాగితాలు చూసి పంపేస్తాం. ఆ పొద్దున ఫోనొచ్చింది. పేరు చెప్పలేదు. 'పసుపు టార్పాలిన్ కప్పిన ట్రాక్టరొస్తుంది, వెడల్పు పదడుగుల ఏడంగుళాలకి ఓ నూలు తక్కువ, కావాలంటే కొలుచుకోండి' అని పెట్టేశాడు. ఆ లెక్కేమిటో తెలీక మా పెద్దాయన్ని అడగాల్సొచ్చింది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతట."

మాస్టారు పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. ఆయన డిటెక్టివ్ వైపు చూశారు. ఆమె కిటికీలోంచి ఆవరణలోకి చూస్తోంది.

నాలుగింటికి చెక్‌పోస్టు అధికారి గదిలో అందరూ కూర్చున్నారు. అధికారి, ట్రాక్టర్ యజమాని, ఆమె భర్త, తండ్రి, ఏజెంటు. డిటెక్టివ్ నిలబడే ఉంది.

"సార్, ఈవిడ గురువారం రాసిచ్చిన కొలత నిజం. శుక్రవారం పొద్దున ఎవరో వెనక చక్రాలు అటుది ఇటు, ఇటుది అటు మార్చారు. అతుకు పక్క మారడమే సాక్ష్యం. ఆ చక్రాలు తిరిగి మార్చి కొలవండి, రెండు తొంభై అయిదే వస్తుంది."

అధికారి తలూపాడు. "ఎవరు మార్చారు?"

"మామూలు శత్రువైతే నట్లు వదులుగా వదిలేసేవాడు. లేదా ఇంజన్లో ఇసుక పోసేవాడు. ఈ పని చేసినవాళ్లు ప్రతి నట్టూ బిగించి, దాని మీద గీత గీశారు. చక్రాలు మారాయి కాబట్టి అవి పాత గీతలు కావు. శుక్రవారం గీసినవే. ఈవిడ మైదానం చేరకూడదు, కానీ ఈవిడకి దెబ్బ తగలకూడదు. అలా కోరుకున్న మనిషి చేసిన పని ఇది."

గదిలో అందరూ భర్త వైపు చూశారు. భార్య మాత్రం చూడలేదు. ఆమె తలొంచుకుని తన చేతుల్నే చూసుకుంటోంది. ఆమెకు అప్పటికే అర్థమైంది.

"ఆ గీత అలవాటున్నవాళ్లు ఇద్దరే," అంది డిటెక్టివ్ నెమ్మదిగా. "ఒకరు ఆ పూట వేరే ఊళ్లో పర్మిట్ కోసం కూర్చున్నారు. రెండోవారు అల్లుణ్ణి గొలుసులకి పంపి, మేకుకున్న తాళం తీసుకున్నారు. జాకీ, బరువులెత్తే చైన్ బ్లాక్ ఉంటే చెయ్యి తిరిగిన మెకానిక్‌కి ఒంటరిగా చాలు. ఇక ఫోను సంగతి. ఇక్కడందరూ మీటర్లలో మాట్లాడతారు. అడుగుల్లో, అంగుళాల్లో, నూలు తేడా కూడా చెప్పే మనిషి నా ఆఫీసుకి వచ్చారు. మాస్టారూ, తొంభై ఎనిమిది మీటర్లంటే ఎన్ని అడుగులు?"

"మూడువందల ఇరవై ఒకటి," అన్నారు మాస్టారు. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే ఉత్సాహం లేదు. "మూడువందల పన్నెండు కన్నా తొమ్మిది ఎక్కువ."



"ఇంజను ముట్టుకోలేదు," అన్నాడు ముసలాయన చివరికి. "అది నేను కట్టిన ఇంజను, దాని మీద చెయ్యెలా వేస్తాను? ఒక్కరోజు ఆపేస్తారు, జరిమానా వేస్తారు, అంతే అనుకున్నా. కేసవుతుందని, జైలని... నాకు తెలీదు తల్లీ."

"ఎందుకు నాన్నా?"

"ఆ బోర్డు మీద పేరు తప్ప నాకంటూ ఏం మిగిలింది? మీ అమ్మ పోయింది, మోకాళ్లు పోయాయి. జనం నన్ను చూసి ఇంకా నమస్కారం పెడుతున్నారంటే ఆ అంకె చూసే కదా. వేరే మైదానంలో ఎంతైనా లాగు, సంతోషిస్తా. అక్కడ మాత్రం..."

"నాతో ఒక్క మాట అనుంటే," అంది ఆమె, "నేను ఆ మైదానానికి వెళ్లేదాన్నే కాదు నాన్నా. నీకది తెలీదా?"

ఆయన వంగి మోకాలు రుద్దుకోసాగాడు.

"వీధంతా గొప్పగా చెప్పుకొచ్చావు. నా భుజం మీద చెయ్యేసి ఓదార్చావు. నాలుగు రోజులు మా ఆయన్ని నేను పురుగులా చూస్తుంటే, పక్కనే కూర్చుని అన్నం తిన్నావు. అది మాత్రం ఎలా చెయ్యగలిగావు నాన్నా?"

ముసలాయన కళ్లు తుడుచుకోలేదు. కాగితం అడిగి, జరిగిందంతా తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. అది చదివి, అధికారి ఆమె మీద పెట్టిన కేసు ఎత్తేస్తున్నట్టు రాసిచ్చాడు. సంఘానికి కూడా ఉత్తరం పంపిస్తానన్నాడు. బండి చక్రాలు సరిచేసుకుని పొద్దున తీసుకెళ్లొచ్చన్నాడు.

ఆమె లేచి భర్త దగ్గరికి వెళ్లింది. ఏదో చెప్పబోయింది. అతను వద్దన్నట్టు తలూపి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ గుమ్మం దాకా నడిచారు.

"చూడండి పెద్దాయనా," అంటున్నాడు అధికారి. "ఇప్పుడు కేసు మీ మీదికొచ్చింది. జామీను ఉంటే ఇవాళ ఇంటికెళ్లొచ్చు, లేకపోతే లోపలుండాలి. మీకెవరున్నారు?"

ఏజెంటు ఫైలు సర్దుకున్నాడు. మాస్టారు డిటెక్టివ్ వైపు చూశారు, ఆమె కళ్లతోనే ఆగమంది.

గుమ్మం దగ్గర్నుంచి కూతురు వెనక్కొచ్చింది. ఏమీ అడక్కుండా జామీను కాగితం తన వైపు తిప్పుకుని పేరు, చిరునామా, లైసెన్సు నంబరు రాసి కింద సంతకం పెట్టింది. 'నిందితుడికి ఏమవుతారు' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. చాలాసేపు ఆగింది.

"ఇదొక్కటీ మిగిలిందమ్మా," అన్నాడు అధికారి.

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. "మీరే రాసుకోండి సార్," అని, తండ్రి వైపు చూడకుండా బయటికి నడిచింది.