మూడు వందల గజాల దుప్పి

1943 ఫిబ్రవరి. అత్తిబెలె టోల్‌గేటు. ఉదయం ఎనిమిదీ ఇరవై.

హొసూరు వైపు నుంచి వచ్చిన మోటార్ సైకిల్ గేటు ముందు ఆగింది. నడుపుతున్నవాడి పేరు ఆవులప్ప. ఇరవై ఆరేళ్ళు. పేరుకు సర్వే ఆఫీసు గుమాస్తా. నిజానికి మిలిటరీ ఇంటెలిజెన్స్ కొరియర్. బనీనుకు లోపల కుట్టిన జేబులో మద్రాసు నుంచి తెస్తున్న సీల్డ్ కవరు ఉంది.

గేటు మనిషి కొయ్య ఎత్తాడు. ఆవులప్ప కిక్ కొట్టాడు.

చింతతోపులోంచి ఒక్కటే చప్పుడు.

గేటు మనిషి తల ఎత్తి చూసేసరికి ఆవులప్ప రోడ్డు మీద ఉన్నాడు. తోపులోంచి ఒక నల్ల కారు వచ్చి ఆగింది. కారు దిగిన పొడుగాటి మనిషి శవం మీద చొక్కా చించాడు, కవరు తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. అంతా నిమిషంలోపే.

మధ్యాహ్నం మార్చురీలో డాక్టరు ఒక నలిగిన లోహపు ముద్దను ఎనామిల్ పళ్ళెంలో పడేశాడు. ఎదురుగా నిలబడిన మనిషి దాన్ని వేళ్ళతో తిప్పి చూశాడు.

"318 బోరు. సాఫ్ట్ నోస్. కణితి లాంటి పెద్ద జింకను పడగొట్టే గుండు."

"మీకెలా తెలుసు? మీరు శవానికి ఏమవుతారు?"

"అన్నను."

అతని పేరు ఓబళప్ప. డిపార్ట్‌మెంట్ ఫైళ్ళలో ఏజెంట్ నైన్.

ఆ రాత్రి ఇంట్లో తల్లి చౌడమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఒక్క మాట అడిగింది.

"నా బిడ్డను కొట్టినోడు ఇంకా గాలి పీలుస్తా ఉండాడా, ఓబళా?"



* * *

చిక్కపేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్ మేడ మీద చీఫ్ ఆదినారాయణప్ప ఆఫీసు. కింద మెషీన్లు దడదడలాడుతుంటే పైన ఎవరేం మాట్లాడినా బయటికి వినబడదు.

"పేరు కెల్లర్. స్విస్ పాస్‌పోర్టు. కాఫీ వ్యాపారినని చెప్పుకుంటాడు. జీతం బెర్లిన్‌ది," అన్నాడు చీఫ్. "అత్తిబెలెలో కాల్చిన రైఫిల్‌ను చెరువులో పారేశాడు. మనకు దొరికింది. అంటే వాడికి ఇప్పుడు కొత్తది కావాల. యుద్ధం మూలంగా దొరల సీమ నుంచి వేట తుపాకులు వచ్చేది నిలిచిపోయింది. సైన్యం వాడే 303 సివిలియన్లకు ఇవ్వరు. కంటోన్మెంటులో ఒక్క షాపులోనే మూడు మిగిలుండాయి. రేపటి నుంచి ఆ షాపులో నువ్వే సేల్స్‌మన్."

"ఇప్పుడే అరెస్టు చేయొచ్చు కదా సార్."

"సాక్ష్యం లేదు. తర్వాత ఎవర్ని కొట్టబోతాడో తెలీదు. వాడి ముఠాలో మన మనిషి ఒకరుండారు. అవ్వ సంగతి ఎత్తితే, చెవుల్లో దూది పెట్టమను. అదే కోడ్." చీఫ్ ముందుకు వంగాడు. "వాడు నాకు ప్రాణాలతో కావాల, ఓబళప్పా. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

అర్థమైందన్నాడే గాని, సరేనని ఓబళప్ప అనలేదు.

* * *

నాలుగో రోజు, శనివారం, షాపు తలుపుకున్న గంట మోగింది.

కౌంటర్ వెనక ఓబళప్ప తలకు జరీపేట, ముక్కు మీద గుండ్రటి కళ్ళద్దాలు, ముందు పంటికి బంగారు తొడుగు. షాపులో అతని పేరు పాపయ్య. ఎదురుగా ఎర్ర కనుబొమల పొడుగాటి దొర. పక్కన ఆకుపచ్చ జార్జెట్ చీర, పొట్టిగా కత్తిరించిన జుట్టు, పొడవాటి హోల్డర్‌లో సిగరెట్. కంటోన్మెంట్ క్లబ్బుల్లో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. మిస్ మోనా.

"దుప్పి వేటకు రైఫిల్ కావాలి," అన్నాడు కెల్లర్ ఇంగ్లీషులో.

ఓబళప్ప మూడు రైఫిళ్ళు తీసి పచ్చగుడ్డ మీద వరసగా పెట్టాడు. అతనూ ఇంగ్లీషులోనే మొదలుపెట్టాడు.

"ఇది 375 సార్. అడవిదున్నకైతే సరి. దుప్పికి కొడితే సగం మాంసం పాడవుతుంది, మీ భుజమూ వాస్తుంది. ఇది 405, అమెరికా సరుకు. గుండు లావు, దూరం పోయేకొద్దీ బాగా కిందికి దిగిపోతుంది. కానీ మన అడవుల్లో దుప్పి అరవై, ఎనభై గజాల్లోనే కనబడుతుంది. పొదల్లో కొట్టడానికి నేనైతే ఇదే తీసుకుంటాను."

"మూడోది?"

"275. సన్నటి గుండు, మంచి వేగం. బయలు మీద కృష్ణజింకకు వాడతారు."

కెల్లర్ దాన్నే చేతిలోకి తీసుకున్నాడు. బోల్టు లాగాడు. గొట్టంలోకి చూశాడు.

"రెండు వందల గజాలకు గురి సరిచేస్తే, మూడు వందల దగ్గర గుండు ఎంత దిగుతుంది?"

రసీదు రాస్తున్న ఓబళప్ప కలం ఆగింది. అడవిలో మూడు వందల గజాల అవతల దుప్పి కాదు గదా, ఏనుగైనా కనబడదు. ఇది వేటగాడు అడిగే ప్రశ్న కాదు.

"తొమ్మిది, పది అంగుళాలు. టెలిస్కోపు బిగిస్తే లెక్క సులువు సార్."

"బిగించండి. సోమవారం ఉదయానికి."

"ఇంతకు ముందు ఏ బోరు వాడేవారు సార్?"

"318. మంచి తుపాకి. మొన్న ఒక్క గుండుకే పడింది."

"ఏం పడింది సార్?"

"చిన్న జంతువు," కెల్లర్ నవ్వాడు.

ఓబళప్ప కూడా నవ్వాడు. బంగారు పన్ను తళుక్కుమంది. కౌంటర్ కింద అతని ఎడమ చేతి గోళ్ళు అరచేతిలోకి దిగాయి.

మోనా పొగ వదిలి తెలుగులో అంది. "దీని చప్పుడుకు మా అవ్వ అదురుకుంటాదేమోనప్పా."

ఓబళప్ప రసీదు చించి ఇచ్చాడు.

"అవ్వ చెవుల్లో దూది పెట్టమ్మా."

"ఏమంటున్నాడు?" కెల్లర్ అడిగాడు.

"తుపాకి నూనె కూడా కొనమంటున్నాడు డార్లింగ్."

* * *

ఆదివారం మధ్యాహ్నం. లాల్‌బాగ్ గాజుమేడ పక్కన రాతిబెంచీ. ఆమె గొడుగు వేసుకుని కూర్చుంది. అతను పేపరు చదువుతున్నట్టు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మోనా అసలు పేరు మునిలక్ష్మి. పుట్టింది కోలారు పక్క. ఇప్పుడామె మాటలో క్లబ్బు యాస లేదు.

"రేపు పది గంటలకు విమానాల ఫ్యాక్టరీ మైదానంలో కొత్త విమానం ఎగరేస్తారు. దాన్ని గీసిన ఇంజనీరును కాల్చేస్తాడు. అతను పోతే ఆ విమానం పోయినట్టే. ఎక్కడి నుంచి కాలుస్తాడో నాకు చెప్పలేదు."

"పొద్దున రైఫిల్ తీసుకునేదానికి నువ్వే వస్తావా?"

"నేనే. నేరుగా జట్కాలో వాడు చెప్పిన చోటికి తీసుకుపోవాల."

"తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ అరగదీస్తా. మీట నొక్కితే టిక్కుమంటాది, అంతే. పోలీసులు వచ్చి పట్టుకుంటారు."

ఆమె తలాడించింది. లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఇంకో మాట ఉండాది. ఆవులప్ప వచ్చే దారి కెల్లర్‌కు చెప్పింది నేనే."

పేపరు కిందికి దిగింది.

"వాడు నన్ను నమ్మాలంటే ఏదో ఒక నిజం ఇయ్యాల్సి వచ్చింది. దారి మార్చమని ముందురోజే చీఫ్‌కు చీటీ పంపినా. ఆ చీటీ మరుసటిరోజు సాయంత్రం దాకా ఆఫీసులో టపా కింద పడి ఉన్నిందంట. మీ తమ్ముడని నాకు నిన్ననే తెలిసింది."

చుట్టుపక్కల పిల్లలు అరుస్తూ పరుగెడుతున్నారు. ఓబళప్ప పేపరును నాలుగు మడతలు పెట్టాడు, మళ్ళీ ఎనిమిది.

"ఎనిమిదిన్నరకు రా," అన్నాడు. "తుపాకి సిద్ధంగా ఉంటాది."

షాపుకు తిరిగొచ్చి తలుపు గడియ పెట్టాడు. 275 బోల్టు విప్పి ఫైరింగ్ పిన్ బయటికి తీశాడు. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు. చిన్న జంతువు, అన్నాడు వాడు. ఆకురాయి బల్ల మీద పెట్టేసి, పిన్‌ను ఉన్నదున్నట్టే మళ్ళీ బిగించాడు.

అలమరాలోంచి 256 బోరు తూటా ఒకటి తీసి, దాని గుండు ఊడబెరికాడు. 256 గుండు 275 గొట్టంలో వదులుగా జారుతుంది. ఇరుక్కునేలా దాని చుట్టూ సీసపు రేకు చుట్టి గొట్టం మధ్యలోకి దిగ్గొట్టాడు. దుమ్ము పడకుండా కట్టినట్టు గొట్టం కొనకు తోలు తొడుగు కట్టాడు. ఇప్పుడు ఎవడు మీట నొక్కినా, ముందుకు పోలేని గుండు తుపాకినే పేల్చేస్తుంది. కాల్చినవాడి మొహం మీద.

చీఫ్ వాణ్ణి ప్రాణాలతో అడిగాడు. తుపాకులన్నాక ప్రమాదాలు జరుగుతుంటాయి.

* * *

సోమవారం ఎనిమిదిన్నరకు మునిలక్ష్మి వచ్చి రైఫిల్ కేసు తీసుకుంది. "పిన్?" అని కళ్ళతోనే అడిగింది. ఓబళప్ప తల ఊపాడు. వాడి పక్కన ఆమె ధైర్యంగా నిలబడాలంటే ఈ అబద్ధం అవసరమని తనకు తాను చెప్పుకున్నాడు.

జట్కా కదలగానే మైదానం మ్యాప్ పరిచాడు. విమానం నిలిపే చోటు నుంచి కొండ ఎనిమిది వందల గజాలు. నీలగిరి తోపు నూట యాభై. మూడు వందల గజాల్లో ఉన్నది ఒక్కటే: మహదేవపుర దారిలో మూతపడిన పెంకుల ఫ్యాక్టరీ. వాడు 275 ఎందుకు ఎంచుకున్నాడో ఆ ఫ్యాక్టరీ అటకే చెబుతోంది.

చీఫ్‌కు ఫోన్ చేసి చోటు చెప్పాడు. పదీ పదికి రమ్మన్నాడు. ఆ పది నిమిషాలు తనవి. వాడు చావడం కళ్ళారా చూడాలి.

తొమ్మిదీ యాభై ఐదుకు అటక మెట్లు చప్పుడు లేకుండా ఎక్కాడు. చేతిలో ఫౌంటెన్ పెన్ను. మూత తిప్పితే ఒకే ఒక్క గుండు పేలుతుంది. పలకల సందులోంచి లోపలికి చూశాడు.

గోనెసంచుల మీద రైఫిల్. దాని వెనక బోర్లా పడుకున్నది కెల్లర్ కాదు. మునిలక్ష్మి.

కెల్లర్ ఆమె వీపుకు పిస్తోలు గురిపెట్టి నిలబడ్డాడు. "బెర్లిన్‌కు నీ మీద అనుమానం మోనా. ఈ గుండు నువ్వు కాలిస్తే అనుమానం తీరుతుంది."

"ఓ, తప్పకుండా," అంది ఆమె. తోలు తొడుగు విప్పి పక్కన పెట్టింది. ఆమె ముఖంలో భయం లేదు. మీట నొక్కితే టిక్కుమంటుందని, అంతేనని ఆమె నమ్మకం.

బయట విమానం ఇంజను మొదలైంది. ఖాకీ నిక్కరు వేసుకున్న ఇంజనీరు, చేతిలో కాగితాలతో, రెక్క కిందికి నడిచాడు.

"ఇప్పుడు," అన్నాడు కెల్లర్.

ఆవులప్ప దారి చెప్పింది ఈమే. ఓబళప్ప నోరు తెరుచుకోలేదు. ఒకటి. ఆమె చెంప తుపాకి కర్రకు ఆనింది. రెండు. వేలు మీట మీదికి వచ్చింది. మూడు.

"కాల్చొద్దు మునిలక్ష్మీ! గొట్టంలో గుండు ఇరుక్కుని ఉండాది! పేలిపోతాది!"

ఆమె వేలు తీసి పక్కకు దొర్లింది. కెల్లర్ వెనక్కి తిరిగి కాల్చాడు. ఓబళప్ప ఎడమ భుజం నిప్పంటుకున్నట్టు మండింది. పెన్ను పేలింది. కెల్లర్ మణికట్టు నుంచి రక్తం చిమ్మింది, పిస్తోలు పలకల సందులోంచి కిందికి పడిపోయింది.

కెల్లర్ కిటికీ వైపు చూశాడు. ఇంజనీరు ఇంకా అక్కడే ఉన్నాడు. రైఫిల్ గురిపెట్టినట్టే ఉంది. ఒక్క దూకుతో దాని మీద పడి, ఎడమచెయ్యి మీట మీద వేసి, టెలిస్కోపుకు కన్ను ఆనించాడు.

వాడికి తెలుగు రాదు. ఇంగ్లీషులో ఒక్క మాట చాలు.

మునిలక్ష్మి ఓబళప్ప వైపు చూసింది. ఓబళప్ప ఆమె వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరూ నోరు మెదపలేదు.

అటక అదిరింది. పైకప్పు పెంకులు రాలాయి. మైదానంలో ఇంజనీరు తలెత్తి చుట్టూ చూశాడు, ఎక్కడో లారీ టైరు పేలిందనుకున్నాడేమో, కాగితాలు చంకలో పెట్టుకుని పైలట్‌కు చెయ్యి ఊపాడు. విమానం కదిలింది.

పొగ తగ్గింది. రైఫిల్ మీద పడిన కెల్లర్ మళ్ళీ లేవలేదు. మునిలక్ష్మి చీర కొంగు చించి ఓబళప్ప భుజానికి బిగించి కట్టింది.

"పిన్ అరగదీస్తానని చెప్పినావు. నన్నే చంపేటోడివి కదప్పా."

"నీకోసం పెట్టలేదు."

"నేను పడుకున్నది చూసినంక?"

ఓబళప్ప అబద్ధం చెప్పలేకపోయాడు. "మూడు ఎంచేదాకా నోరు రాలేదు."

ఆమె ముడి ఇంకొంచెం గట్టిగా లాగింది. అతను పళ్ళు కొరికాడు.

"నేనైతే పదిదాకా ఎంచేదాన్ని," అంది.

* * *

కెల్లర్ కోటు లోపలి జేబులో ఏడు పేర్లు దొరికాయి. సాయంత్రానికి ఏడుగురూ లాకప్‌లో ఉన్నారు. ఆ కబురు తెచ్చిన చీఫ్ మిలిటరీ ఆసుపత్రిలో ఓబళప్ప మంచం పక్కన స్టూల్ లాక్కుని, రిపోర్టు ఫారం తొడ మీద పెట్టుకున్నాడు. చీటీ సంగతి ఓబళప్పకు తెలిసిపోయిందని ఆయనకూ తెలుసు. కళ్ళెత్తకుండానే అడిగాడు.

"రైఫిల్ పేలిన కారణం?"

"పాత సరుకు సార్."

"ప్రాణాలతో కావాలన్నా కదా. తుపాకి మీద వాడు పడుకున్నప్పుడు ఆపేదానికి నీకు టైముండె. ఒక్క మాట కేకేసుంటే ఆగేవాడు కదప్పా?"

"కేకేసినాను సార్. తెలుగులో. వాడికి అర్థం కాలేదు."

చీఫ్ కలం ఆగింది. "ఇంగ్లీషులో చెప్పేదానికేం? నువ్వు బి.ఏ. ఇంగ్లీషు, ఫస్ట్ క్లాసు కదయ్యా!"

"అవును సార్," అన్నాడు ఓబళప్ప కళ్ళు మూసుకుని. "అవసరానికి గుర్తుకు రాకపోతే, ఎంత చదివి ఏం లాభం?"