చప్పుడు లేని బండి

ఉదయం కాఫీలయ్యేసరికే ఏలూరులో విశ్వాసం ఇంటి ముందు పెళ్ళికి తరలినంత హడావిడి నడుస్తోంది. కొత్త ఎలక్ట్రిక్ ట్రక్కు రాత్రంతా వసారా పక్కన ప్లగ్గుకి కట్టేసి ఉంది. కొడుకు బెంజమిన్ ఆ తీగ ఊడదీసి చుట్ట చుడుతుంటే, విశ్వాసం అరుగు మీద కూర్చుని, సంతలో కొత్త గేదెను చూసినట్టు బండిని అనుమానంగా చూస్తున్నాడు.

“స్టార్ట్ చెయ్యరా, ఎండెక్కిపోతుంది.”

“చేశానండి నాన్నగారూ. ఎప్పుడో చేశాను.”

“చేస్తే చప్పుడేదీ?”

“దీనికి చప్పుడుండదండి.”

“బతికుందో లేదో కూడా చెప్పని బండిని నమ్ముకుని బందరు సముద్రం దాకా పోవాలన్నమాట! బాగుంది.”

ఆయన బాధ ఆయనది. ముప్పై ఏళ్ళు డీజిల్ పికప్ తోలిన మనిషి. షామియానాలు, కుర్చీలు, గంగాళాలు అద్దెకిచ్చే సప్లయర్స్ వ్యాపారం వాళ్ళది. కొల్లేటి చుట్టూ ఉన్న ఊళ్ళలో ఏ ఇంట పెళ్ళి జరిగినా, పేరంటం జరిగినా ఆ బండే వెళ్ళేది. మోకాళ్ళు మొరాయించాక స్టీరింగు కొడుకు చేతికొచ్చింది. కొడుకు వర్షాకాలం పోగానే పాత బండిని అమ్మేసి, ముందు ఇద్దరు, వెనక వరసలో ముగ్గురు, ఆ వెనక సామాను పట్టే ఈ కొత్త బండిని మొన్ననే తెచ్చాడు. అద్దెలు లేని రోజు చూసి అందరూ కలిసి సముద్రానికి వెళ్దామన్న ఆలోచన కోడలు పెర్సిస్‌ది. తాడేపల్లిగూడెం పిల్ల, హుషారైనది.

వంటింట్లో పులిహోర డబ్బాకెత్తుతూ వరమ్మ, ఏమీ ఎరగనట్టు కోడల్ని అడిగింది.

“ఇంతకీ ఏ దారినమ్మా వెళ్ళడం?”

“కైకలూరు, ముదినేపల్లి మీదుగానంట అత్తయ్యగారండీ. దారిలో కొల్లేటి పక్షుల్ని కూడా చూడొచ్చన్నారు.”

ముదినేపల్లి మాట వినగానే వరమ్మ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. ఆ ఊరు ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కన చర్చి ఆర్చి ఒకటుంది. అక్కడ ఎడమవైపు మలుపు తిరిగితే రెండో ఇల్లే ఆమె అక్క మార్తమ్మది. తల్లి లేని వరమ్మకు జడలు వేసి, చీర కట్టడం నేర్పి, పెళ్ళి చేసి పంపిన అక్క. ఆ గుమ్మం తొక్కి పన్నెండేళ్ళయింది.

కారణం వింటే ఇంతేనా అనిపిస్తుంది. పడ్డవాళ్ళకు తెలుస్తుంది. అక్క కూతురి పెళ్ళికి విశ్వాసం సామానంతా ఊరికే ఇచ్చాడు. తనే ఎక్కించి, తనే దించి, చెమటతో తడిసిన చొక్కాతో భోజనాల దగ్గరికొచ్చాడు. పక్కన ఇంజనీరు వియ్యంకుడున్నాడు. అక్క మొగుడు ఆశీర్వాదం మాస్టారు ఒకసారి తోడల్లుడి వంక చూసి, వడ్డించేవాళ్ళతో, “డ్రైవర్లకి షెడ్డు వెనకాల పెట్టండి,” అన్నాడు. విశ్వాసం పల్లెత్తు మాట అనలేదు. చేతులు కడుక్కుని బండెక్కాడు. మొగుడి మొహం చూసి వరమ్మే తట్టుకోలేక, “ఇక మీ గడప తొక్కితే ఒట్టే అక్కా!” అనేసి వెనకే ఎక్కింది. కోపంలో వేసిన ఒట్టు కోపం తీరాక కూడా మెడలోనే వేలాడుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ దారిన వెళ్ళారో! గిన్నెల లెక్క చూసుకోవడానికి వరమ్మ ఎప్పుడూ మొగుడి పక్క సీట్లోనే ఉండేది. ఆ డీజిల్ బండి చప్పుడులో పక్కనున్న మనిషి మాట వినపడాలంటే గొంతు చించుకోవాలి. ఆ చప్పుడే ఆమెకు చాటయింది. ఎవరికీ చెప్పుకోలేనివన్నీ కిటికీ వైపు చూస్తూ గొణుక్కునేది. ఆయన కోపం, చేపల ధర, చర్చిలో పాట తప్పు పాడినవాళ్ళు, అన్నీ అందులోనే. ఇల్లు చేరేసరికి మనసు తోమిన గిన్నెలా ఉండేది. ఆర్చి దగ్గరకొచ్చినప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. “ఒక్కసారి ఇటు తిప్పితే ఏం పోయిందయ్యా! మా అక్కను చూడాలనుంది.”

బండి మాత్రం తిన్నగా పోయేది.

ఊరు దాటి రోడ్డెక్కాక కొత్త బండి నీళ్ళ మీద పడవలా సాగిపోయింది. ముందు తండ్రీకొడుకులు, వెనక అత్తా కోడళ్ళు. వరమ్మ అలవాటుగా కిటికీ వైపు తిరిగి గొణిగింది. “ఈ పిల్ల పులిహోరలో ఉప్పు తగ్గించింది. పులుపు చూస్తే చింతచెట్టెక్కినట్టుంది.”

“ఉప్పు తగ్గిందా అత్తయ్యగారండీ? అక్కడే చెప్తే కలిపేదాన్ని కదండీ,” అంది పక్కనుంచి పెర్సిస్.

వరమ్మ ఉలిక్కిపడింది. ముందు సీట్లో బెంజమిన్ భుజాలు నవ్వుతో కదిలాయి. “గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఈ బండికీ ఉన్నాయే!” అని ఈసారి మనసులోనే అనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొల్లేటి వంతెన దగ్గర బెంజమిన్ బండిని పక్కకు తీసి ఆపాడు. గట్టుకు దగ్గర్లో గూడబాతులు గుంపులుగా నీళ్ళ మీద ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు.

“మన పాత బండయితే ఈపాటికి అన్నీ ఆకివీడు చేరుండేవి,” అన్నాడు విశ్వాసం. ఆ బండి మీద ఆయన అన్న మొదటి మంచి మాట అదే. పెర్సిస్ ఫోనులో ఫొటోలు తీసింది. అందరూ తలా కాస్త పులిహోర తిన్నారు. ఉప్పు తగ్గిన మాట నిజమే అయినా ఎవరూ ఎత్తలేదు.

కైకలూరు దాటింది. రోడ్డుకి ఒక పక్క చేపల చెరువులు, ఒక పక్క కొత్తగా వరి నాట్లు ఊడ్చిన దాళ్వా చేలు. వరమ్మకు అవేవీ కళ్ళకు ఆనడం లేదు. పెదవులు బిగించుకుని కూర్చుంది. ఆర్చి కనపడింది. సున్నం వెలిసిపోయింది. ఆర్చి సందులోంచి అక్క ఇంటి పెంకులు, వాకిట్లో ఆరేసిన తెల్ల చీర కనపడ్డాయి. అన్నేళ్ళ అలవాటు ముందు పెదవుల బిగింపు ఏపాటిది?

“ఒక్కసారి ఇటు తిప్పితే ఏం పోయిందయ్యా! మా అక్కను చూడాలనుంది.”

ఆ మాట బండంతా వినపడింది. బెంజమిన్ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఆర్చి నాలుగు బారలు వెనక్కి పోయాక బండి ఆగింది.

ఆ మాటను కప్పిపుచ్చడానికి ఇంజను చప్పుడైనా లేదు. వరమ్మకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తనే ఒట్టు వేసి, తనే ఇంతమందిలో ఇలా బయటపడిపోయింది. మొగుడు ఎంత చిన్నబుచ్చుకున్నాడో అని ఆయన మెడ వంక చూసింది.

“ఊరికే... ఏదో గొణుక్కున్నాన్లెండి. పోనియ్యరా అబ్బాయ్,” అంది.

విశ్వాసం వెనక్కి తిరగలేదు. “కొత్త మాటేం కాదుగా,” అన్నాడు నెమ్మదిగా. “ఇక్కడికొచ్చినప్పుడల్లా అనేదే.”

వరమ్మ నిర్ఘాంతపోయింది. “మీకు... వినపడేదా?”

“ఎక్కడ వినపడుతుంది ఆ చప్పుడులో? కనపడేది. మధ్య అద్దం ఉండేది చూడు. వెనక గంగాళాలు నింపుకుంటే ఆ అద్దంలో నాకేం కనపడుతుంది? నీ వైపు తిప్పుకున్నాను. నువ్వేమో కిటికీ వైపు తిరిగాననుకునేదానివి. సగం మొహం అద్దంలోనే ఉండేది. మొదట్లో ప్రార్థన చేసుకుంటున్నావనుకున్నాను. పోనుపోను పెదాలు చూసి పోల్చుకోవడం అలవాటైంది.”

ముప్పై ఏళ్ళుగా తను కక్కేసుకున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి వరమ్మకు ముందు గుండె జారింది. ఆ వెనకే కోపం వచ్చింది. చాలా ఏళ్ళ కోపం.

“అయితే తెలుసన్నమాట మీకు! తెలిసి తెలిసి, ప్రతిసారీ తిన్నగా పోనిచ్చారా? నేను కళ్ళొత్తుకోవడం కూడా కనపడే ఉంటుంది ఆ అద్దంలో.”

“కనపడేది.”

“మరి మనిషేనా మీరు?”

“అత్తయ్యగారండీ...” అంటూ పెర్సిస్ ఆమె చెయ్యి పట్టుకుంది. బెంజమిన్ స్టీరింగు వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు తిరిగాడు విశ్వాసం. ఆయన మొహంలో కోపం లేదు. “షెడ్డు వెనక తినమన్న మనిషి గుమ్మానికి నా అంతట నేను ఎలా తిప్పేది వరం? ఆ మాట మీద నీ అంతట నువ్వు ఒట్టేశావు. నా పరువు కోసం వేసిన ఒట్టది. దాన్ని నేను తెంచుతానా? ఒక్కసారి, నా వైపు తిరిగి, ‘ఏవండీ, తిప్పండి’ అంటావని చూశాను. ఆర్చి వస్తోందంటే స్పీడు తగ్గించేవాణ్ణి. నువ్వెప్పుడూ గమనించలేదు.”

గమనించింది. మలుపని తగ్గిస్తున్నాడనుకుంది. తను అడిగితే ఆయన చిన్నబోతాడని ఆమె, ఆమె అడిగితే గానీ ఎలాగని ఆయన. పక్కపక్కనే కూర్చుని పన్నెండేళ్ళు ఒకరి కోసం ఒకరు ఆగారు. వరమ్మకు ఏడుపొచ్చింది. తన మీద, ఆయన మీద, ఆ పాత బండి మీద కూడా. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఈసారి దాన్ని నోటికి అడ్డం పెట్టుకోలేదు.

“ఏవండీ,” అంది, అందరికీ వినపడేటట్టే. “మా అక్క దగ్గరికి వెళ్ళాలి నేను. బండి తిప్పమనండి.”

“అమ్మ చెప్పింది వినపడలేదట్రా?” అన్నాడు విశ్వాసం కొడుకుతో. “తిప్పు.”

బండి వాకిట్లోకి వచ్చి ఆగిందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మార్తమ్మ వసారాలో వాకిటికి వీపు పెట్టి బియ్యం ఏరుకుంటోంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. వీపు వంగింది. వరమ్మ బండి దిగి రెండడుగులు వేసి పిలిచింది.

“అక్కా.”

మార్తమ్మ తిరిగింది. చేట ఒడిలోంచి జారి బియ్యం నేలపాలయ్యాయి. లేవబోయి లేవలేక రెండు చేతులూ చాపింది. వరమ్మ వెళ్ళి ఆ చేతుల్లో పడింది.

“ఉన్నారా? ఉన్నారటే మీరు?” అంటూ మార్తమ్మ చెల్లెలి మొహం తడిమింది. “మీ బండి చప్పుడు నాకు తెలీదుటే? గంగాళాలు గలగలమనుకుంటూ రోడ్డు మీద పోతుంటే, ‘పోన్లే, మా చెల్లీ మరిదీ బాగున్నారు’ అనుకునేదాన్ని. ఆర్చి దగ్గర చప్పుడు కాస్త తగ్గేది. ఆగుతుందేమోనని గుమ్మంలోకొచ్చేదాన్ని. వర్షాలు పోయాక ఆ చప్పుడే లేదు. ఎవర్ని అడగను? ఫోను చేస్తే ఏం వినాల్సొస్తుందో అని భయం. రోజూ మీ కోసమే ప్రార్థన.”

వెనక నిలబడ్డ విశ్వాసం తల దించుకున్నాడు. తను పరువు మోసుకుంటూ తిన్నగా పోయిన ప్రతిసారీ ఆ చప్పుడు వినడానికి ఒక మనిషి గుమ్మంలోకి వచ్చిందన్నమాట. ఆయన భుజం మీది తువ్వాలు తీసి కళ్ళద్దుకున్నాడు.

లోపల్నుంచి చేతికర్ర చప్పుడైంది. ఆశీర్వాదం మాస్టారు గుమ్మంలోకి వచ్చి, తోడల్లుణ్ణి చూసి అక్కడే ఆగిపోయాడు. బెంజమిన్ గబగబా, “పెద్దనాన్నగారూ, బండికి చార్జింగు పెట్టుకోవాలండి. పెద్ద ప్లగ్గుందాండి?” అని అడిగాడు. ఆ సమయంలో ఏదో ఒకటి మాట్లాడాలి కదా మరి.

“మోటారుకి పెట్టించింది ఉంది నాన్నా. ఎంతసేపు పడుతుంది?”

“నాలుగైదు గంటలండి.”

“పట్టనియ్యి,” అన్నాడు మాస్టారు. ఆ మాటతో సముద్రం సంగతి అందరూ మర్చిపోయారు.

మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నప్పుడు మాస్టారు కూర్చోలేదు. కర్ర గోడకి ఆనించి, రెండు చేతుల్తో అన్నం గిన్నె పట్టుకుని విశ్వాసం ముందుకొచ్చాడు. ఆయన చేత్తో ఆయన నీళ్ళు కూడా ముంచుకోడని ఊళ్ళో పేరు.

“మీరు కూర్చోండి అన్నయ్యగారూ, నేను పెట్టుకుంటాను,” అన్నాడు విశ్వాసం కంగారుగా.

“కూర్చో తమ్ముడూ. ఆ వేళ నువ్వని తెలియక అన్నానని పదిమందికీ చెప్పుకున్నాను. అబద్ధం. తెలిసే అన్నాను. వియ్యంకుడి ముందు నా తోడల్లుడు సామాన్ల బండి తోలతాడని చెప్పుకోడానికి నామోషీ పడ్డాను. ఆదివారం బడిలో పిల్లలకి తగ్గింపు గురించి, వినయం గురించి పాఠాలు చెప్పే మనిషిని నేను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.”

విశ్వాసం ఆ గిన్నెను కింద నుంచి రెండు చేతులా పట్టుకున్నాడు. “బరువుగా ఉంది, ఇటివ్వండి,” అన్నాడు. “మీరు కూడా కూర్చోండి. ఆకలేస్తోంది. పొద్దున పులిహోరలో ఉప్పు లేదు.”

“మావయ్యగారండీ!” అంది పెర్సిస్. ఆ ఇంట్లో చాలా ఏళ్ళకి అందరూ ఒక్కసారిగా నవ్వారు. వరమ్మ నవ్వుతూనే ఏడ్చింది.

పొద్దు వాలుతుండగా బయల్దేరారు. ఒక పక్క వరమ్మ, ఒక పక్క పెర్సిస్ పట్టుకుంటే మార్తమ్మ బండి దాకా వచ్చింది. దాన్ని చేత్తో తడిమి చూసి దిగులుపడింది.

“ఇదివరకు చప్పుడైనా వినపడేది మరిదిగారండీ. దీనికి అదీ లేదు. మీరు ఇటు వెళ్ళినట్టు నాకెలా తెలుస్తుంది?”

“చప్పుడెందుకు వదినా? ఇక ఇటొచ్చినప్పుడల్లా బండి మీ వాకిట్లోనే ఆగుతుంది,” అన్నాడు విశ్వాసం. భుజం మీది తువ్వాలు సర్దుకుని, “చార్జింగు పెట్టుకోవాలి కదా,” అన్నాడు.

బండి కదిలింది. ఆర్చి దాటి రోడ్డెక్కింది. వరమ్మ వెనక్కి తిరిగి, అక్క కనుమరుగయ్యేదాకా చూసి, ముందుకు తిరిగింది.

“ఏవండీ,” అంది. కిటికీతో కాదు. “వచ్చే ఆదివారం ఆరాధనయ్యాక మళ్ళీ వద్దామండీ.”

ముందు సీట్లో విశ్వాసం అద్దం వంక చూడలేదు. మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, ఆమె మొహంలోకి చూసి, “వద్దాం,” అన్నాడు.