ఊరందరికీ ఒకటే ఉప్పు

ఆ మధ్యాహ్నం కాకినాడ కాకినాడంతా ఒక్కసారే ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక్కసారే ఉమ్మేసింది. ఆ చప్పుడుకి రేవులో ఓడలు ఊగాయి. పప్పులో ఉప్పు కాదది, ఉప్పులో పప్పు. సముద్రమే సిగ్గుపడి నాలుగడుగులు వెనక్కి జరిగిందని చూసినవాళ్లు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

అప్పటికి ఊళ్లో గ్యాస్ పొయ్యిలు లేవు. అన్నీ తూకానికి వేసేశారు. ఎక్కడ పొగ లేచినా జరిమానా. దుకాణాల్లో ఉప్పు అమ్మడం కూడా మాన్పించారు. అది గొట్టాల్లో నేరుగా వంటింటికే వస్తుంది. ప్రతి ఇంటి గోడలోనూ డాక్టర్ వడ్లమాని పరాంకుశం కనిపెట్టిన వంటయంత్రమే.

ఎవరింట్లో మీట నొక్కినా, ఊరంతటికీ కలిపి ఉన్న ఒకే ఒక్క సర్వర్‌లో 'వండు' అనే ఫంక్షన్ నడుస్తుంది. ఫంక్షన్ అంటే ఫలానా పని ఫలానా విధంగా చెయ్యమని రాసిపెట్టిన వరస, అంతకన్నా బ్రహ్మవిద్యేం కాదు. పప్పెంత, నీళ్లెంత, ఉప్పెంత అన్న అంకెలు దాచుకోవడానికి అందులో గిన్నెల్లాంటివి ఉంటాయి. వాటినే వేరియబుల్స్ అంటారు. ఫంక్షన్ లోపల గిన్నె పేరుకి ముందు 'వార్' అని మూడే మూడు ఇంగ్లీషు అక్షరాలు రాస్తే, ఆ గిన్నె ఆ ఇంటి వంటకే సొంతం, వంటవగానే మాయం. రాయకపోతే సర్వర్ తప్పని కూడా అనదు. నోరుమూసుకుని ఆ గిన్నెని తీసుకెళ్లి నడివీధిలో పెడుతుంది. ఇక ఊరందరికీ అదే గిన్నె. ఉప్పు పడే వేళకి ఆఖరున ఎవరు ఏ అంకె వేసి ఉంటే, అందరి కూరల్లోనూ అంతే.

పరాంకుశం పప్పుకి రాశాడు, నీళ్లకి రాశాడు, ఇంగువకి కూడా రాశాడు. ఉప్పు దగ్గరికొచ్చేసరికి ఆవులింత వచ్చింది. మెడనిండా పతకాలు, పేరు వెనకాల రైలంత డిగ్రీలు. మూడక్షరాలకి మాత్రం ఆ మహానుభావుడికి వేలు లేవలేదు. అన్నాళ్లూ అందరూ ఇంచుమించు ఒకే ఉప్పు వేసుకోబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ రోజు జగన్నాథపురం పేటలో ఎవరో చేపలు ఉప్పులో ఊరెయ్యడానికి మీట నొక్కారు. ఊళ్లో ప్రతి గిన్నెలోనూ ఆ ఉప్పే పడింది.

మిగతావాళ్లు ఉమ్మేసి ఊరుకున్నారు. గవర్రాజుకి ఆ వీలు లేకపోయింది. అతనివి పాడైన కిడ్నీలు. ఉప్పు తగిలితే మనిషి దక్కడని ముందురోజే డాక్టర్లు చెప్పారు. ఆకలి మీద రెండు ముద్దలు మింగేశాడు. అతని భార్య నూకరత్నం క్యారేజీ పట్టుకుని పరాంకుశం ఆఫీసుకి వచ్చింది.

"డాక్టరుగారండీ, నేను ఉప్పు సున్నా అనే పెట్టానండి. ఇదిగో, మీరే నాలిక్కి రాసుకు చూడండి. మా ఆయన మొహం బూరెలా వాచిపోయిందండి."

పరాంకుశం క్యారేజీ వైపు కన్నెత్తి చూడలేదు. "నువ్వు సున్నా పెట్టావు. నీ తర్వాత ఇంకెవరో బోలెడు పెట్టారు. ఆఖరున పెట్టినవాళ్లదే చెల్లుతుంది. ఇందులో యంత్రం తప్పేముంది?"

"ఎవరింటి ఉప్పు వాళ్లింట్లోనే ఉండేలా చెయ్యలేరాండి?"

"మూడక్షరాల పని. ఇప్పుడు రాస్తే ఇన్నాళ్లూ రాయలేదని ఒప్పుకున్నట్టు కదా? నా ప్రోగ్రామ్‌లో తప్పుండదు. మీరే సర్దుకోవాలి."

"సర్దుకోడానికి మనిషుండాలి కదండీ!"

"అంత భయమైతే ఆఖరున నువ్వే నొక్కుతూ కూర్చో. ఇక వెళ్లు."

ఆయన ఎగతాళికన్నాడు. ఆవిడ నిజంగానే కూర్చుంది. యంత్రం ముందు పీట వేసుకుని సున్నా నొక్కడం, మళ్లీ నొక్కడం, ఎడమచేత్తో ముద్ద తినడం, మళ్లీ నొక్కడం. ఆ వేలి వేగానికి ఊళ్లో ఏ ఇల్లాలూ నిలవలేకపోయింది. కాకినాడ అంతా చప్పిడి అయిపోయింది. జనం ఇడ్లీలు పట్టుకుని బీచికి పరుగెత్తి కెరటాల్లో ముంచుకు తిన్నారు. మున్సిపాలిటీ ఒడ్డు పొడుగునా పోలీసుల్ని నిలబెట్టి అదీ ఆపించింది.

కొన్నాళ్లకి ఆరోగ్యశాఖవాళ్లు వచ్చి చూస్తే ఊళ్లో బీపీ అన్నదే లేదు. పరాంకుశం ఏమాత్రం తడుముకోకుండా వేదికెక్కి, "ప్రజల మేలు కోరి ఆ మూడక్షరాలు నేనే వదిలేశాను" అన్నాడు. శాలువాలు కప్పారు. ఇకమీదట ఆ ప్రోగ్రామ్‌ని ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డరు వేశారు. నూకరత్నాన్ని జీతమిచ్చి ఉప్పు అధికారిణిని చేశారు. యంత్రానికి ఒక కెమెరా బిగించి, సున్నా తప్ప ఇంకోటి నొక్కితే జైలన్నారు.

ఇంతలో గవర్రాజుకి ల్యాబులో పెంచిన కొత్త కిడ్నీలు వేశారు. మనిషి నిక్షేపంలా ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"ఏమే, ఇవాళ చిటికెడు వెయ్యి. ఆస్పత్రి డాక్టరు ఒప్పుకున్నాడు."

నూకరత్నం కెమెరా వైపు చూసింది. "మీకేస్తే ఊరందరికీ పడుద్దండి. నన్ను జైల్లో పెడతారు."

"నా ఒక్కడి పప్పులోనే వెయ్యవే!"

"ఒక్కడికి వెయ్యడమన్నది ఈ ఊళ్లో ఎక్కడుందండీ?" అని ఆవిడ ఇంకోసారి సున్నా నొక్కింది.

గవర్రాజు చప్పిడి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వేలితో తుడుచుకుని, ఏం తోచిందో, ఆ వేలు ఒకసారి నాకి చూశాడు. తర్వాత కంచం మీదికి బాగా వంగి, ఈసారి కావాలనే ఏడవడం మొదలుపెట్టాడు.