వీపున మిగిలిపోయిన గంత

నీలగట్టు రాజ్యంలో ఏరు రాయైపోయింది. పారే నీరు పారినట్టే, అలలతో సహా బిగుసుకుపోయింది.

అందుకు కారణం గాడిదలు. రాజుగారి తాత కోట కట్టడానికి వాటిని ఎడారి దేశం నుంచి తెప్పించాడు. కోట పూర్తయ్యాక అడవిలో వదిలేశారు. వాటిని తినే మృగం అక్కడ లేదు. వందలుగా పెరిగి, పచ్చికను వేళ్లతో సహా మేసి, ఏటి ఊటను బురద చేశాయి. ఊటను కాచే యక్షిణి మండిపడింది. "ఇవి తమంతట తాము అడవి దాటేదాకా ఏరు కరగదు. ఒక్కదాన్ని చంపినా ఎన్నటికీ రాయే!" అని శపించింది.

సైనికులు డప్పులు కొట్టి తోలితే, గాడిదలు తూర్పున పోయి పడమట తేలాయి. బావులు అడుగంటాయి. నాలుగు రోజుల్లో ఊరు ఖాళీ చేయాలని రాజు చాటింపు వేయించాడు.

గాడిదలతో మట్టిపని చేసే ఉప్పరివారి పిల్ల సుంకులి కొలువుకు వచ్చి నిలబడింది.

"మా అవ్వ నడవలేదు దొరా. ఊరు వదిలితే దారిలోనే పోతాది. గాడిదల దగ్గరికి నేను పోయొస్తా."

మంత్రి నవ్వాడు. "సైన్యం వల్ల కానిది గంప మోసే పిల్ల వల్ల అవుతుందా?"

"సైన్యం ఎప్పుడన్నా గాడిదను మేపిందా సామీ?"

రాజు సరేనన్నాడు. సుంకులి పార, నీళ్లతిత్తి, రెండు జొన్నరొట్టెలు తీసుకుని బయలుదేరింది.

ముళ్లలోయలో ఒక రాక్షసుడు గుంట గట్టు మీద బైఠాయించి ఉన్నాడు. "పొద్దు వాలేలోగా ఈ గుంట పూడిస్తే దారి ఇస్తా. లేకుంటే నువ్వే నా ఫలహారం!" అన్నాడు.

సుంకులి గట్టును ఓసారి చూసింది. కిందికి దిగి గట్టు అడుగునే తొలిచింది. కాసేపటికి గట్టూ, దాని మీది రాక్షసుడూ కలిసి గుంటలో కూలారు.

"పూడింది మామా," అంది.

మెడదాకా మట్టిలో కూరుకుపోయిన రాక్షసుడు, "పో తల్లీ, పో!" అన్నాడు.

మర్నాడు నిప్పులవాగు ఎదురైంది. అరికాళ్లు బొబ్బలెక్కినా ఆమె వెనక్కి తిరగలేదు.

మూడోనాడు మంద కనిపించింది. ముందు నిలిచిన ముసలి గాడిద ఆమెను మూడుసార్లు తన్నింది. ఆమె మూడుసార్లూ లేచి నిలబడేసరికి, అది మనిషి గొంతుతో అడిగింది: "తోలడానికి వచ్చావా?"

"కాదవ్వా. ఎందుకు పోకుండా ఉన్నారో అడుగుదామని వచ్చా."

"పని తీరిందని ఎవరు చెప్పారు? డప్పులు విన్నాం, దెబ్బలు తిన్నాం. ఆ మాట వినలేదు. అది వినేదాకా నాకు చావూ రాదు, నేను కదలందే నా సంతూ కదలదు."

అప్పుడు చూసింది సుంకులి. మూటలు మోయడానికి వేసే దిండును గంత అంటారు. మూడు తరాల నాటి గంత ఆ ముసలి గాడిద వీపుకు ఇంకా అతుక్కునే ఉంది. ఉప్పరివారి ఆచారం ప్రకారం, పని ముగిసిననాడు గంత దించి, వీపు నిమిరి, ముద్ద పెట్టి, "నీ పని తీరింది" అని చెప్పాకే గాడిదను వదలాలి. కోట కట్టిన ఉప్పరి తాతలు విందు సంబరంలో అది మరిచారు.

"తప్పు మావాళ్లది," అంది. తిత్తిలో మిగిలిన నీళ్లన్నీ పోసి గంతను నానబెట్టింది. ఆమె గొంతు ఎండిపోతోంది. అయినా చర్మం చిట్లకుండా మెల్లగా ఊడదీసింది. వీపు నిమిరి, మిగిలిన రొట్టె నోటికి అందించింది.

"నీ పని తీరిందవ్వా. ఇంక ఇంటికి పో."

ముసలి గాడిద ఒళ్లు దులుపుకుని ఎడారి దిక్కుకు నడిచింది. వందల డెక్కలు దాని వెంట కదిలాయి. చివరి గాడిదపిల్ల అడవి పొలిమేర దాటగానే ఏరు ఫెళ్లున పగిలి, నీళ్లు ఊరి వైపు ఉరికాయి.

ఊరు చేరిన సుంకులికి రాజు ఎదురువచ్చి, "మా అబ్బాయిని పెళ్లాడతావా?" అని అడిగాడు.

"బొబ్బలు మాననీ దొరా, ఆలోచిస్తా."

రాజు పకపకా నవ్వి, ఏటి గట్లన్నిటికీ ఆమెను అధికారిని చేశాడు. సుంకులి ఆజ్ఞ ఒకటే: ఏ పని ముగిసినా ముందు గంతలు దించాలి, ఆ తర్వాతే మనుషులకు విందు.