మైనస్ తొమ్మిదిలో ఒక కప్పు టీ

ఆర్చీ కిన్నేర్డ్ తల వెనక భాగం నుజ్జయిపోయింది.

ఇల్లులా కట్టిన బండి, మోటార్‌హోమ్‌లో స్టవ్‌కీ మంచానికీ మధ్య ఇరుకు సందులో బోర్లా పడి ఉన్నాడు. మూడు దెబ్బలు. మొదటి దెబ్బకే కూలిపోయి ఉంటాడు. మిగతా రెండూ నేల మీద పడినవాణ్ణి కొట్టినవి. అలమరా తలుపుల మీద చిమ్మిన రక్తం గడ్డకట్టి గాజుపూసల్లా మెరుస్తోంది.

ఇన్‌స్పెక్టర్ ఎఫీ మన్రో గుమ్మంలో నిలబడి ఊపిరి వదిలింది. నోటి ముందు తెల్లటి ఆవిరి. ఉదయం 9:40. ఫిబ్రవరి. బయట మైనస్ తొమ్మిది. లోపల కూడా దాదాపు అంతే.

"కేసు అయిపోయినట్టే మేడమ్," అన్నాడు సార్జెంట్ టల్లక్, చేతులు రుద్దుకుంటూ. "భార్య మోయిరా. చేతుల నిండా రక్తం. శవం పక్కన ఇనప పెనం, దానికీ రక్తమే. బేడీలు వేసి జీపులో కూర్చోబెట్టాను."

"టైము?"

"7:40 దాకా మనిషి బతికే ఉన్నాడు. అటు చివరి బండిలో ఉండే ఫెర్గస్ లోరిమర్ ఆయనతో కూర్చుని టీ తాగాడట. 7:40కి లోరిమర్ ఇక్కణ్ణుంచి వెళ్తుంటే ఈ బండ్ల పార్కు మేనేజర్ బిస్సెట్ చూశాడు. 7:55కి మోయిరా కారు గేటు దాటింది. 8:10కి కేక. మధ్యలో ఇటు ఇంకెవరూ రాలేదు. పదిహేను నిమిషాలు చాలవా?"

"డాక్టర్ ఏమన్నారు?"

"ఆరుకీ ఎనిమిదికీ మధ్య. ఈ చలిలో అంతకన్నా కచ్చితంగా చెప్పలేనన్నారు. గాయాల అంచు చంద్రవంకలా ఉందట. బరువైన, గుండ్రటి వస్తువు."

"పెనం బరువెంత?"

"రెండు కిలోలు ఉంటుందేమో."

ఎఫీ పుర్రె వైపు చూసింది. రెండు కిలోలతో ఇంత లోతా?

గుమ్మం పక్కన తూకం మిషను ఉంది. మనుషులు ఎక్కి చూసుకునే రకం. దాని గాజు పగిలింది. గోడ మీద హీటర్ స్విచ్ ఆన్‌లోనే ఉంది. పక్కన చిన్న ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతోంది. ఏదో చెప్పబోయి, ఎవరూ వినక, మళ్లీ మొదలుపెడుతున్నట్టు.

"హీటర్ చెడిపోయింది," అన్నాడు టల్లక్. "గ్యాసు అయితే ఉంది. నేనే చూశాను."

బండి బయటివైపు ఉన్న గ్యాసు అర తలుపు తెరిచి చూపించాడు. లోపల ఒక్కటే నీలం సిలిండర్. కదిపితే బరువుగా ఉంది. పైపు శుభ్రంగా బిగించి ఉంది. వాల్వు తెరిచే ఉంది. తలుపు లోపలివైపు సుద్దతో తేదీలు, తేదీల పక్కన అంకెలు. చివరి తేదీ నిన్నటిది.

"ఈ బండికి కరెంటు కనెక్షన్ లేదా?"

"లేదు మేడమ్. గ్యాసు ఉండగా కరెంటు ఎందుకని ఆర్చీ ఎప్పుడూ కరెంటు లేని ఈ మూలే అడిగేవాడట."

ఎఫీ జీపు దగ్గరికి నడిచింది.

మోయిరాకి అరవై దాటి ఉంటాయి. బేడీల చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తోంది.

"రాత్రి ఎక్కడున్నారు?"

"ఊళ్లో మా చెల్లి ఇంట్లో. పొద్దున ఏడున్నర దాకా అక్కడే."

"మావాళ్లు ఫోన్ చేస్తే మీ చెల్లెలూ అదే చెప్పింది. ఎందుకు వెళ్లారు?"

మోయిరా తడబడుతూ స్వెటర్ చేయి పైకి లాగింది. ముంజేతి మీద నల్లగా నాలుగు వేళ్ల గుర్తులు.

"అందరూ నవ్వినచోట నేను నవ్వలేదని."

ఎఫీకి ఆ గుర్తుల కొలత తెలుసు. చిన్నప్పుడు తల్లి చేతి మీద అవి వారం పొడుగునా రంగులు మారేవి. నలుపు, ఊదా, పసుపు. ఈమె చంపలేదని నమ్మాలనుంది, అనుకుంది ఎఫీ. చంపి ఉంటే బాగుండుననీ ఉంది. రెండు కోరికలూ నావే. రెండూ సాక్ష్యం కావు.

"ఆయన్ని చంపాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"ముప్పై ఏళ్లలో అనిపించని రోజు ఏదో అడుగమ్మా, అది చెప్పడం తేలిక," అంది మోయిరా. "కానీ నేను తలుపు తీసేసరికే బండి మంచుగడ్డలా ఉంది. ఆర్చీ బండి ఎప్పుడూ చల్లబడదు. మొగుడిగా ఎలాంటివాడో నా చెయ్యి చెప్తుంది గానీ, గ్యాసు విషయంలో మాత్రం దేవుడు. ఇక్కడందరూ 'గ్యాస్ మాస్టారు' అంటారు."

"మీ చేతులకి రక్తం?"

"తల ఒళ్లోకి తీసుకోబోయాను. చేతుల్లో నిలవలేదు."

ఎఫీ ఆమె స్వెటర్ చేయి కిందికి సర్దింది.

"పొద్దున్నే ఆయన ఏం చేసేవాడు?"

"ఆరున్నరకి సిలిండర్ విప్పి లోపలికి తెచ్చి తూకం వేసేవాడు. మిగిలిన గ్యాసు ఎంతో అర తలుపు మీద సుద్దతో రాసి, మళ్లీ బిగించేవాడు. ఆ తర్వాతే టీ. తూకం కానిదే టీ లేదు. సిలిండర్ మీద నన్ను చెయ్యి కూడా వెయ్యనిచ్చేవాడు కాదు."

"నిన్న సాయంత్రం నవ్వాల్సినంత ఏం జరిగింది?"

"క్లబ్బుహౌసులో పాఠం చెప్పాడు. మోటార్‌హోమ్‌కి ఎలాంటి గ్యాసు సిలిండర్ ఎంచుకోవాలి అని. ఏటా చెప్పేదే. చివర్లో ఈ రెండేళ్లుగా చెప్పే కథే. ఎవడో అక్టోబర్‌లో వేసవి సిలిండర్ తగిలించుకుని బయల్దేరాడట. మంచు పడి హీటర్ ఆగిపోయింది. భార్య వణుకుతోందని బొగ్గుల కుంపటి లోపల పెట్టి కిటికీలన్నీ మూశాడు. నీళ్లు పట్టుకురావడానికి వెళ్లి వచ్చేసరికి బొగ్గుల విషవాయువుకి ఆవిడ పోయింది. అది చెప్పి ఆర్చీ అంటాడు, 'సిలిండర్ ఎంచుకోవడం రానివాడికి పెళ్లామెందుకు?' అని. జనం పగలబడి నవ్వుతారు."

"ఎవరతను?"

"పేరు చెప్పడు. నాకూ చెప్పలేదు."

10:50. ఫెర్గస్ లోరిమర్ బండి వెచ్చగా ఉంది. కరెంటు హీటర్ సన్నగా మూలుగుతోంది. మాజీ బస్సు డ్రైవర్, ఎముకల మనిషి. స్టవ్ పైన రెండు కప్పులు వేలాడుతున్నాయి. ఒకదాని మీద దుమ్ము.

"కూర్చోమ్మా. పాపం ఆర్చీ."

"ఎన్నింటికి వెళ్లారు ఆయన దగ్గరికి?"

"ఏడుంపావు."

"టీ ఎవరు పెట్టారు?"

"ఆయనే. స్టవ్ వెలిగించాడు. కెటిల్ ఈల వేసేదాకా కబుర్లు."

"లోపల వెచ్చగా ఉందా?"

"కోటు విప్పేశాను."

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏముంటాయి... చలి."

ఎఫీ అతని మాటలు వినడం మానేసింది. చేతిని చూస్తోంది. మోకాలి మీద అతని కుడిచేయి ఏదో మర బిగిస్తోంది. ఎడమవైపుకి తిప్పి బిగిస్తోంది. గ్యాసు మర ఒక్కటే అటు బిగుస్తుంది. నోరు టీ గురించి చెబుతుంటే చెయ్యి వేరే సంగతి గుర్తుచేసుకుంటోంది.

బయటికి వచ్చి టల్లక్‌కి రెండు పనులు చెప్పింది. రెండేళ్లుగా అక్టోబర్‌లలో మోటార్‌హోమ్‌లో విషవాయువుతో పోయిన ఆడవాళ్ల పేర్లు కనుక్కోవాలి. లోరిమర్ బండికి సెర్చ్ వారెంట్ తెప్పించాలి.

12:30. ఎండ ఉంది, వేడి లేదు. మైనస్ ఏడు.

శవాన్ని తీసుకెళ్లిపోయారు. నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచారు. మోయిరా, బిస్సెట్, లోరిమర్ గుమ్మం దగ్గర ఒకరినొకరు తగలకుండా నిలబడ్డారు.

"ఎందుకమ్మా మళ్లీ ఇక్కడికి?" అన్నాడు బిస్సెట్. "చలికి నా కాళ్లు ఎప్పుడో మొద్దుబారాయి."

"టీ తాగుదామని. లోరిమర్ గారూ, పొద్దున ఆర్చీ పెట్టినట్టే మా అందరికీ టీ పెట్టండి."

లోరిమర్ ఆమె వైపు చూసి, స్టవ్ దగ్గరికి వెళ్లాడు. మీట తిప్పాడు. అగ్గిపుల్ల గీశాడు. పుల్ల వేళ్ల దాకా కాలింది. ఇంకోటి గీశాడు. మూడోది.

గ్యాసు రాలేదు. చప్పుడు కూడా లేదు.

"అయిపోయినట్టుంది," అన్నాడు.

"నిండుగా ఉంది. వాల్వు తెరిచే ఉంది. బిస్సెట్ గారూ, ఆ సిలిండర్ రంగేమిటో చూసి చెప్పండి."

బిస్సెట్ వెళ్లి అరలోకి తొంగిచూశాడు. తిరిగొచ్చేసరికి అతని మొహం మారిపోయింది.

"నీలం! ఆర్చీ బండికి ఫిబ్రవరిలో నీలం సిలిండరా? చచ్చినా పెట్టడు."

"ఎందుకని? మా సార్జెంట్‌కి చెప్పండి. సొంత బండి లేదు ఆయనకి."

"ఎర్రదాంట్లో ప్రొపేన్ ఉంటుంది సార్. ఎంత చలికైనా మండుతుంది. నీలందాంట్లో బ్యుటేన్. వేసవికి బ్రహ్మాండం. నీళ్లు గడ్డకట్టే చలిలో మాత్రం సిలిండర్‌లో ద్రవంలాగే పడుంటుంది, గ్యాసై పైకి రాదు. నిన్న సాయంత్రం గంటసేపు ఇదే చెప్పాడాయన!"

"అందుకే హీటర్ ఆగింది," అంది ఎఫీ. "అందుకే ఈ స్టవ్ మీద పొద్దున ఏడుంపావుకి ఎవరూ టీ పెట్టలేదు. పెట్టలేరు. అంటే 7:40కి ఆర్చీ బతికి ఉన్నాడన్న మాటకి ఆధారం లేదు. ఇవాళ్టి తూకం తలుపు మీద లేదు. ఆరున్నరకి ఎర్ర సిలిండర్ లోపలికి తెచ్చాడు. తూకం మీద పెట్టాడు. అంకె రాయకముందే పోయాడు. ఆ టైముకి మోయిరా చెల్లెలి ఇంట్లో ఉంది."

టల్లక్ ప్లాస్టిక్ సంచిలో చుట్టిన బరువైనదేదో రెండు చేతులా మోసుకొచ్చి గుమ్మంలో దించాడు. ఎర్ర సిలిండర్. అడుగున గుండ్రటి ఇనప అంచు. తుడిచిన మనిషి పైన తుడిచాడు, కింద తుడవలేదు. అంచు లోపల నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"లోరిమర్ బండి అరలో దొరికింది," అన్నాడు టల్లక్. "పదిహేను కిలోలు. పెనం ఆయనతోపాటు స్టవ్ మీంచి పడిందంతే. ఇంకో సంగతి మేడమ్. రెండేళ్ల కింద అక్టోబర్‌లో పోయినావిడ పేరు రోనా లోరిమర్."

మోయిరా చేతులు నోటికి చేరాయి. బేడీలు గలగలమన్నాయి.

లోరిమర్ ఆరిన పుల్లను జాగ్రత్తగా స్టవ్ అంచున పెట్టాడు.

"ఇంకెప్పుడూ ఆ కథ చెప్పొద్దని అడగడానికి వచ్చాను," అన్నాడు. "అంతకే వచ్చాను. ఆయన తూకం మీదనుంచి కన్నెత్తలేదు. 'నీ పేరు చెప్పలేదుగా, సంతోషించు' అన్నాడు. వంగి అంకె చూస్తున్నాడు. నేను సిలిండర్ ఎత్తాను. ఒకసారి కొట్టింది గుర్తుంది."

"మూడుసార్లు."

"అయితే మూడు."

"తర్వాత?"

"అర ఖాళీగా కనపడితే దేంతో కొట్టారో తెలిసిపోతుంది. చాలాసేపటికి తేరుకుని, ఎర్రది తుడిచి మా బండిలో దాచి, అక్కణ్ణుంచి ఇంకోటి తెచ్చాను. అరలో రెండు రకాల పైపులూ ఉన్నాయి. సరైనది తీసి బిగించాను. వాల్వు తెరిచాను. పైపు తెరిచి వదిలేయడం ఇరవై ఏళ్లలో ఎప్పుడూ చెయ్యలేదు."

"సరైన పైపు చూసుకున్నారు. రంగు చూడలేదా?"

లోరిమర్ కుడిచేయి మళ్లీ ఎడమవైపుకి తిరగసాగింది.

"అది ఆ రోజుదే. రోనాకి ఒంట్లో బాగాలేక, మొదటిసారి నేను వెళ్లి తెచ్చింది. ఏటా తనే ఎంచేది, నేను మోసేవాణ్ణి. ఆ రాత్రి మండలేదు కాబట్టి ఇంకా నిండుగానే ఉంది. తిరిగి ఇచ్చెయ్యబుద్ధి కాలేదు. ఇవాళ చేతికి బరువు తగిలింది. నిండుగా ఉంది, చాలు అనుకున్నాను. ఆ రోజు దుకాణంలోనూ అంతే అనుకున్నాను."

మతిమరుపా? లేక పట్టుబడాలని చెయ్యి తనంతట తానే చేసిన పనా? ఎఫీకి తెలియలేదు. అతనికి కూడా తెలియదని మాత్రం తెలిసింది.

"తిరిగి వెళ్తుంటే బిస్సెట్ చూశాడు గనక టీ కథ అల్లారు. అర్థమైంది. కానీ ఆవిడకి బేడీలు వేస్తుంటే మీ కిటికీలోంచి చూసే ఉంటారు. ఎందుకు ఊరుకున్నారు?"

లోరిమర్ మొదటిసారి తలెత్తాడు. కళ్లలో పొద్దున సిలిండర్ ఎత్తిన మనిషి ఇంకా ఉన్నాడు.

"నిన్న నేను మూడో వరసలో తల వంచుకుని కూర్చున్నాను. గది గదంతా నవ్వింది. రోనా చావుకి! పక్కన కూర్చున్న పెళ్లాం నవ్వకుండా ఉంటుందా? ఆవిడా నవ్వింది."

టల్లక్ మోయిరా చేతులకున్న బేడీలు విప్పాడు.

ఎఫీ ఆమె స్వెటర్ చేయి మోచేతి దాకా పైకి లాగి, లోరిమర్ కళ్ల ముందుకి తెచ్చింది. నాలుగు వేళ్లు. అంచులు ఊదారంగులోకి తిరుగుతున్నాయి.

"నవ్వలేదు," అంది. "మీరు కాక ఆ గదిలో నవ్వనిది ఈవిడ ఒక్కతే."