పోటీ లేని పెళ్లికొడుకు

మొదటిసారి ఆమె నవ్వినందుకే అతనికి కోపం వచ్చింది.

గెలిచినవాళ్ల కప్పుల మీద పేర్లు చెక్కడం ఆమె పని. ఆ రోజు ఆటల మ్యూజియంలో పాత కప్పుకు మెరుగు పెడుతుంటే, అక్కడి గైడ్ జనానికి బాస్కెట్‌బాల్ పుట్టుక చెబుతున్నాడు. మొదట్లో పళ్లబుట్టలు వేలాడదీశారట. బంతి అందులో పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు నిచ్చెనెక్కి తీసేవారట.

"బుట్ట అడుగు కోసేద్దామని ఒక్కరికీ తోచలేదా?" అని ఆమె పకపకా నవ్వింది.

"మీరప్పటికింకా పుట్టలేదు పాపం" అన్నాడా గైడ్, ఉడుక్కుంటూ.

సాయంత్రం ఇంటికి బయల్దేరేసరికి వాన పట్టుకుంది. అది వెలిసేదాకా మ్యూజియం మెట్ల మీద ఇద్దరిదీ అదే గొడవ. ఆ తర్వాత కప్పులు తళతళలాడుతున్నా సరే, ఆమె మెరుగు పెట్టడానికి వెళ్తూనే ఉంది.

అతన్నే చేసుకుంటానని ఇంట్లో చెప్పగానే తల్లి గుండెల్లో రాయి పడింది. నిచ్చెనబ్బాయి అని పేరు పెట్టి, ఆ మ్యూజియం మూతపడితే ఏం తింటారని వారం రోజులు కుమిలింది. చివరికి అతను స్వయంగా వచ్చి అడిగితే కాదననంది. రాకపోతే మాత్రం తను చూసిపెట్టిన మందుల షాపు సంబంధమే ఖాయమంది.

అతను రేపు మాపు అంటూ నెట్టుకొచ్చాడు. ఈలోగా మందుల షాపువాళ్లే వద్దనుకున్నారు. ఆ కబురు మోసుకుని ఆమె పరుగున వెళ్లింది.

"ఇంకేం, వాకోవర్! ఆడకుండానే గెలిచేశా. ఇక నేను రావడమెందుకు?" అన్నాడు.

ఆమె నవ్వబోయి ఆగింది. "వెనకటి గుర్రప్పందాల్లో పోటీకి ఎవరూ లేకపోయినా, మిగిలిన గుర్రం మైదానమంతా నడిస్తేనే బహుమతి ఇచ్చేవారని రోజూ జనానికి చెప్తావు కదా. వాకోవర్ అన్న మాట పుట్టిందే అలాగని."

అతను బుంగమూతి పెట్టి, ఆదివారం సాయంత్రం తప్పకుండా వస్తానని చేతిలో చెయ్యేశాడు.

ఆదివారం చీకటి పడింది. తల్లి కళ్లకు బోల్తాపడ్డ బస్సులు, ఆసుపత్రి మంచాలు కనబడసాగాయి. ఫోన్ చెయ్యమని కూతుర్ని తరిమింది.

"అయ్యో, ఇవాళా? మ్యాచ్‌లో పడి మర్చేపోయా. వచ్చే వారం చూద్దాంలే, పోటీకి ఎవరున్నారని? నువ్వంటే నాకు ప్రాణమని తెలుసుగా."

"తెలీదు. చెప్పడానికి రాలేదుగా. ఇక రావొద్దు" అని పెట్టేసింది.

"ఏమైందే? దెబ్బలేం తగల్లేదు కదా?"

"లేదమ్మా. క్షేమంగానే ఉన్నాడు."

తల్లి అమ్మయ్య అనుకుంది. రాగల కీడులన్నీ ఊహించుకుంది గానీ, ఏ కీడూ లేకుండానే మనిషి రాకపోవచ్చని ఆవిడకు తట్టలేదు. టీ పెట్టబోతూ కూతురి మొహం చూసి, స్టవ్ ఆపేసింది.